జెండా పట్టిన సిపాయి

బాబా నాలుక మీద ఎర్రరంగు చూసేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి.

అది రక్తం కాదు. రక్తం సంగతి నాకు తెలుసు, ఇరవయ్యారేళ్ళుగా నర్సుగా దాంతోనే కాపురం. అది పెయింటు. ఆ డబ్బా మూత తీసిచ్చింది నేనే. టేబుల్ మీద ఒక్కో వరసలో ఆరుగురు బొమ్మ సిపాయిలు నిలబడాలి. ఒక వరసలో ఐదుగురే ఉన్నారు. లేనివాడు జెండా పట్టుకున్నవాడు.

నేను ఆ గదిలోంచి కదిలింది నాలుగంటే నాలుగు నిమిషాలు. పాలకొల్లు నుంచి మా అమ్మాయి క్రిస్టీనా ఫోన్ చేస్తే వంటగదిలోకి వెళ్ళాను. దానికి ఎనిమిదో నెల. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. అప్పుడు నేను ఇక్కడ, సౌదీలోని హుఫూఫ్‌లో ఉన్నాను, ఎవరి తండ్రికో డైపరు మారుస్తూ. ఈసారి మాత్రం పురుడు పోసుకునేటప్పుడు పక్కనే ఉంటానని మాటిచ్చాను. యజమానురాలి చేత ఫైనల్ ఎగ్జిట్, అంటే ఈ దేశం వదిలి వెళ్ళిపోయే అనుమతి, కొట్టించుకున్నాను. టికెట్ చేతికొచ్చింది. పెట్టెకు తాడు కూడా కట్టేశాను. ఇంకో పది రోజుల్లో విమానం.

బాబా అంటే నేను పని చేసే ఇంటి పెద్దాయన. ఒకప్పుడు పెద్ద ఇంజనీరు. ఇప్పుడు జ్ఞాపకం కరిగిపోతోంది. భార్య పోయింది, ఉన్నది ఒక్కతే కూతురు హెస్సా, కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆ కూతురి పేరు ఆయనకు వారంలో నాలుగు రోజులు గుర్తుండదు. నన్ను చూసి ఒకరోజు అమ్మా అంటాడు, ఒకరోజు దొంగా అంటాడు. కానీ రెండు వందల ఏళ్ళ కిందట నెపోలియన్‌తో కొట్లాడిన స్పెయిన్ దేశపు కాల్బలం మాత్రం ఆయన బుర్రలో ఒక్క బొత్తం ఊడకుండా ఉంది.

ఆ కాల్బలాన్నే బొమ్మలుగా పెట్టుకున్నాడు. తగరం బొమ్మలు, ఒక్కొక్కటి నా బొటనవేలి పై కణుపంత. రిటైరైన నాటి నుంచీ వాటికి రంగులు వేస్తూనే ఉన్నాడు. అందరికీ తెల్లకోటే. ఛాతీ మీద మడిచిన పట్టీ రంగును బట్టి ఎవరు ఏ రెజిమెంటో చెప్పాలి. అక్కడితో అయిపోతే బాగుండును. ఒకే రంగు పట్టీలు మూడేసి రెజిమెంట్లకు ఉంటాయి. అప్పుడు కాలరు రంగుదా తెల్లదా చూడాలి, బొత్తాలు బంగారువా వెండివా చూడాలి. పెద్ద ఎలుగుబంటి టోపీల వాళ్ళకు ఆ టోపీ వెనక కుట్టుపని చేసిన గుడ్డసంచి ఒకటి వేలాడుతుంది, పెళ్ళికూతురి జడకుచ్చుల్లాగా. యుద్ధానికి వెళ్ళేవాళ్ళకు ఆ సోకేమిటో నాకు తెలీదు. బాబా చేతులు వణకడం మొదలయ్యాక భూతద్దం పట్టుకుని ఆ బొత్తాలకు చుక్కలు పెట్టే పని నా నెత్తిన పడింది. నాలుగేళ్ళలో బైబిలు వచనాలు కొన్ని మర్చిపోయానుగానీ ఏ పట్టీ ఎవరిదో మాత్రం మర్చిపోలేదు, ఖర్మ.

జెండాలు ఇంకో తంతు. తెల్లగుడ్డ మీద ఎర్రటి గరుకు కొమ్మలు రెండు ఏటవాలుగా ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు చెమటలు పట్టాయి. ఈ దేశంలో నా మెళ్ళో సిలువ తొమ్మిదేళ్ళుగా బట్టల చాటునే ఉంది. అలాంటిది ఒక ముస్లిం ఇంటి టేబుల్ మీద నా చేత సిలువలు గీయిస్తున్నాడేమిటి ఈ ముసలాయన, రేపు ఎవరన్నా చూస్తే నేనే గీసి పెట్టానంటారు కదా అని కుంచె కింద పెట్టేశాను. బాబాకు ఆ రోజు మతి బాగానే ఉంది. అది మీ పేతురు తమ్ముడు అంద్రెయను చంపిన సిలువ, స్పెయిన్ రాజులది, చరిత్ర, నువ్వు గియ్యి అని చెప్పాడు. చరిత్రే అనుకుని గీశాను. ఇవాళ ఆ చరిత్ర ఆయన పొట్టలోకి దిగిందేమోనని నా భయం.

నోరు తెరవమన్నాను. వేలు పెట్టి చెంపలు, నాలుక కింద అంతా చూశాను. ఏమీ లేదు. ఊపిరి మామూలుగానే ఆడుతోంది, దగ్గు లేదు. బాబాకు కుంచె కొనను నాలుక మీద తడిపి సన్నం చేసే అలవాటుంది, కాబట్టి ఆ ఎరుపు కుంచెదే కావచ్చు. మునిగిపోయేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు ఆ మాట పట్టుకుని గది మొత్తం వెతికాను. టేబుల్ కింద, సోఫా సందుల్లో, ఆయన తోబ్ అంగీ జేబుల్లో, చెత్తబుట్టలో, చెప్పుల్లో. సిపాయిని ఎక్కడ పెట్టావు బాబా అని అరబీలో అడిగితే ఆయన నవ్వి, గొంతు దగ్గర చెయ్యి పెట్టుకుని, కిందికి జార్చి చూపించాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది. పోయిన నెల చొక్కా బొత్తం మింగాడు. అది గుండ్రంది, రెండో రోజుకు బయటపడింది. ఇది అలా కాదు. జెండా కర్ర ఉక్కుతీగతో చేసింది, పిన్నీసు విప్పితే ఎంతుంటుందో అంత. రంగు మార్చడానికని వాడి కాళ్ళ కింది పలక కూడా ఊడదీసి ఉంచాం.

ఈ ఇంటి డ్రైవరు మహబూబ్ సుభాని మాది కడప అంటాడుగానీ రాయచోటి దగ్గర. పదమూడేళ్ళుగా ఇక్కడున్నాడు, నాకు అన్నలాంటివాడు. అతన్ని పిలిచి చెబితే తనూ మోకాళ్ళ మీద పాకి వెతికాడు. తర్వాత లేచి, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి చెప్పాడు.

"సిస్టర్, నా మాట ఇనండి. ఎవురికీ చెప్పాకండి. పోలీసు కేసు పడితే అది తేలేదాకా మిమ్మల్ని ఈ దేశం దాటనీరు. నాకు తెలిసినోడు నాలుగేండ్లు అట్లే ఉండిపాయ. పది దినాలు గమ్మునుండి ఇమానం ఎక్కండి."

"అది పేగుల్లో గుచ్చుకుంటే అన్నా?"

"అల్లా మీద భారం ఏయండి. బొత్తం పోలేదా, ఇదీ పోతాది."

అతను చెడ్డవాడు కాదు. నా మీది అభిమానంతోనే అన్నాడు. నాకు ఆ మాట తేనెలా ఉంది, అదీ నా సిగ్గు. నర్సుగా ఏం చెయ్యాలో నాకు తెలియక కాదు. ఆయన్ని కదలనివ్వకూడదు, నోట్లో నీళ్ళచుక్క కూడా వెయ్యకూడదు, తక్షణం ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఎంతమంది చిన్న నర్సులకు నేను ఈ పాఠం చెప్పానో. చెప్పేటందుకే నీతులు. ఆ క్షణాన నా బుర్రలో ఉన్నది నర్సు కాదు, గోదావరి గట్టున చేపలు తిని పెరిగిన పిల్ల. ముల్లు గొంతులో దిగితే మా అమ్మ ఏం చేసేది? కూర కలపని ఉత్త అన్నం ముద్ద చేసి, నమలకుండా మింగమనేది. ముల్లు ముద్దలో చుట్టుకుని దిగిపోయేది. తీగ కూడా అన్నంలో చుట్టుకుంటే ఎక్కడా గీరుకోకుండా దిగిపోతుంది కదా అనిపించింది.

పొద్దున నాకని వండుకున్న అన్నం గిన్నెలో ఉంది. గట్టిగా ముద్దలు చేశాను. బాబా పక్షిపిల్లలా నోరు తెరిచాడు. ఒకటి, రెండు, మూడు. ఆరు ముద్దలు పెట్టాను. ప్రతి ముద్దకూ ప్రభువా ప్రభువా అనుకున్నాను. అప్పుడు మధ్యాహ్నం మూడూ నలభై. బాబా ఏం తిన్నాడో, ఎప్పుడు తిన్నాడో రాసే పుస్తకం ఒకటి ఉంది. అందులో ఒంటిగంట భోజనం దగ్గర ఆగిపోయాను. ముద్దల సంగతి రాయలేదు. మర్చిపోయి కాదు, కావాలనే రాయలేదు.

ఆ గంటన్నర నేను ఎలా గడిపానో నాకే తెలుసు. బాబా ఒకసారి సర్దుకుని కూర్చున్నా, దగ్గినా దగ్గరికి పరిగెత్తేదాన్ని. పొట్ట మీద చెయ్యి వేసి నొక్కి చూస్తూ, నొప్పా బాబా అని అడుగుతూ, కాదంటే మళ్ళీ అడుగుతూ ఉన్నాను. మధ్యలో క్రిస్టీనా ఫోటో పంపింది, ఉయ్యాలకు తను కుట్టిన దోమతెర. మా అల్లుడు జాబేజ్ నిచ్చెన మీద నిలబడి కొక్కెం బిగిస్తున్నాడు. బాగుందమ్మా అని రాశాను.

ఐదు దాటగానే బాబా మూలిగాడు. కుడిచేత్తో పక్కటెముకల కింద పట్టుకుని ముందుకు వంగిపోయాడు. మొహం పాలిపోయింది. నేను సుభాని అన్న మాటా మర్చిపోయాను, నా ఎగ్జిటూ మర్చిపోయాను అని చెబితే అబద్ధం. రెండూ గుర్తున్నాయి. కానీ ఆ మనిషి నా చెయ్యి గట్టిగా పట్టుకుని, అమ్మా అన్నాడు. ఇంకేం చెయ్యను? అప్పుడే గేటు తీసుకుని వస్తున్న హెస్సాకు ఎదురెళ్ళి, బాబా బొమ్మ మింగినట్టున్నాడు, ఇప్పుడే చూశాను అన్నాను. ఇప్పుడే అన్న ఆ ఒక్క మాట అబద్ధం.

బయల్దేరేముందు ఒక పని మాత్రం బుద్ధి ఉండే చేశాను. పోయిన సిపాయి నల్లపట్టీల వాడు. అదే నల్లపట్టీల రెజిమెంటు ఇంకోటి పక్క వరసలో ఉంది. ఆ జెండావాడూ ఇదే అచ్చులో పోసినవాడు, తేడా అల్లా బొత్తాల రంగే. వాణ్ణి తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను. లోపలున్నది ఎంత పొడుగో, తీగ ఎటు తిరిగి ఉంటుందో డాక్టరుకు నోటితో చెప్పడం కంటే చూపించడం మేలు. కారులో ఆ తీగ నా అరచేతిలో గుచ్చుకుంటూ ఉంది. లోపల ఆయనకు ఎలా గుచ్చుకుంటోందో అనుకుంటూ అలాగే పట్టుకుని కూర్చున్నాను.

ఆస్పత్రి గుమ్మంలో పోలీసు ఒకడు కాగితం కప్పులో చాయ్ తాగుతున్నాడు. వాడు నా వైపు చూడను కూడా లేదు. అయినా నేను తల దించుకుని నడిచాను.

ఎక్స్‌రే పది నిమిషాల్లో వచ్చింది. డాక్టరు సూడాన్ ఆయన, నెమ్మదైన మనిషి. తెర మీద పెట్టాడు. బాబా ఎముకల మధ్య, పొట్టలో, తెల్లగా ఒక మనిషి నిలబడి ఉన్నాడు. టోపీ తెలుస్తోంది. చేతిలో కర్ర తెలుస్తోంది. ఇరవయ్యారేళ్ళలో ఎన్నో ఎక్స్‌రేలు చూశాను, మనిషిలో మనిషిని చూడలేదు. హెస్సా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను గుప్పిట విప్పి రెండోవాణ్ణి టేబుల్ మీద పెట్టాను. డాక్టరు స్కేలుతో కొలిచి, మంచి పని చేశావు సిస్టర్ అన్నాడు. తీగ కొన పొట్టగోడకు ఆనుకుని ఉంది, ఆలస్యం చేస్తే చిల్లు పడుతుంది, వెంటనే మత్తిచ్చి గొట్టం వేసి నోట్లోంచే తీసేస్తాం అన్నాడు. పెద్ద వయసు కాబట్టి తేలిక మత్తు చాలు, ఊపిరిగొట్టం దాకా అక్కర్లేదు అన్నాడు.

ఆ తర్వాత, నేను ఎదురుచూస్తున్న ఆ మాట అడిగాడు. ఆఖరుసారి ఎప్పుడు తిన్నాడు?

హెస్సా నా చేతిలోని పుస్తకం తీసుకుని, తనే తిరగేసి, తనే చెప్పింది. ఒంటిగంటకు. ఆ తర్వాత పచ్చి మంచినీళ్ళు కూడా లేవు, మా సుందరి రాయకుండా ఏదీ పెట్టదు అని కూడా అంది.

నేను నోరు తెరవనక్కర్లేదు. ఊరికే ఉంటే చాలు. అబద్ధం నేను ఆడలేదు, పుస్తకం ఆడింది. డాక్టరు ఒంటిగంట అని రాసుకున్నాడు. నర్సులు బాబా మంచం చక్రాలకు బ్రేకు తీశారు. పొట్టనిండా అన్నంతో తేలిక మత్తు ఇస్తే ఏమవుతుందో ఆ గదిలో డాక్టరు తర్వాత నాకే బాగా తెలుసు. మత్తులో ఉన్న మనిషికి వాంతి వస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎనభై ఏళ్ళ ముసలాయన బతకడు. బతకకపోతే సిపాయి వల్ల పోయాడంటారు, ముద్దల వల్ల పోయాడని ఎవరికీ తెలియదు. ముద్దలు పెట్టానని చెబితే మూడూ నలభైకే నాకు సంగతి తెలుసని చెప్పినట్టే. గంటన్నర దాచానని, మింగిన మనిషికి పైనుంచి తిండి పెట్టానని, పుస్తకంలో రాయలేదని, అన్నీ ఒక్కసారే బయటపడతాయి. గుమ్మంలో చాయ్ తాగే పోలీసు. ఆగిపోయే ఎగ్జిట్. పాలకొల్లులో మళ్ళీ నేను లేని కాన్పు. మంచం రెండు గజాలు కదిలింది.

"డాక్టర్, ఆగండి. మూడూ నలభైకి ఆరు అన్నం ముద్దలు పెట్టాను," అన్నాను.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను, ఈసారి నెమ్మదిగా, ఇంగ్లీషులో, దాచకుండా అంతా. మా వైపు ముల్లు గుచ్చుకుంటే అలా చేస్తారని కూడా చెప్పాను, చెబుతుంటే నాకే సిగ్గేసింది. హెస్సా మొహంలోకి చూడలేదు. ఆమె కాళ్ళకున్న నల్ల బూట్లు చూస్తూ చెప్పాను. అవి కదల్లేదు. డాక్టరు ఒంటిగంట కొట్టేసి మూడూ నలభై అని రాశాడు. తేలిక మత్తు వద్దని, పూర్తి మత్తు డాక్టర్ని పిలిపించమని, ముందు ఊపిరిగొట్టం వేసి అన్నం లోపలికి పోకుండా చూసుకోవాలని నర్సులకు గబగబా చెప్పాడు. మంచం తలుపుల్లోంచి లోపలికి వెళ్ళిపోయింది.

హెస్సా వరండాలో ఆ చివర కుర్చీలో కూర్చుంది, నేను ఈ చివర. సుభాని దూరం నుంచి నా వైపు చూసి తల పట్టుకున్నాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అదేదో తేలిక అనిపించింది. అక్కడ కనీసం ఎటు పడతామో తెలుస్తుంది. బాబా బతకాలని ప్రార్థన చేశాను. మధ్యమధ్యలో నన్ను ఊరికి పంపించెయ్యి అనీ ప్రార్థన చేశాను. రెండూ ఒకే దేవుణ్ణి అడగొచ్చో లేదో తెలియలేదు.

ఏడున్నరకు డాక్టరు బయటికొచ్చాడు. శాంపిల్ డబ్బాలో సిపాయి ఉన్నాడు. తీగ వంగిపోయింది, రేకు జెండా ముడుచుకుపోయింది, ఛాతీ మీద నల్లరంగు సగం లేచిపోయింది. పొట్ట గీరుకుందిగానీ చిల్లు పడలేదు, ఆయన బాగున్నాడు అన్నాడు. ఆ తర్వాత హెస్సాను పక్కకు తీసుకెళ్ళి అరబీలో చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో నా వైపు వేలు చూపించాడు. ఆ వేలు చూసి, అయిపోయిందనుకున్నాను. చేతిసంచి సర్దుకుని, మెళ్ళో సిలువ గొలుసు తడిమి చూసుకుని కూర్చున్నాను, తీసుకెళ్ళడానికి ఎవరన్నా వస్తే సిద్ధంగా ఉండాలని.

వచ్చింది హెస్సానే. నా పక్కన కూర్చుంది. ఏడ్చినట్టుంది, కళ్ళ కాటుక చెదిరింది. నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

"నువ్వు చెప్పకపోతే ఈ రాత్రి నాన్న ఉండేవాడు కాదన్నాడు డాక్టరు. నీకు నష్టమని తెలిసీ చెప్పావు. నీలాంటి మనిషి నాకు మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది సుందరీ? రేపు వచ్చే కొత్తామె ఏం దాస్తుందో నాకేం తెలుసు?"

నాకు కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి. పోలీసు లేడు, కేసు లేదు. అమ్మయ్య అనుకున్నాను. ఆమె ఫోన్ తీసి నా ముందు పెట్టింది. అరబీ అక్షరాలు నేను కూడబలుక్కుని చదవగలను. నా పేరు, నా నివాసకార్డు ఇఖామా నంబరు, కింద ఫైనల్ ఎగ్జిట్, దాని పక్కన రద్దు అని ఉంది.

ఇందాకే చేసేశానంది. నాన్న పూర్తిగా కోలుకునేదాకానంది. నాలుగు నెలలు, మహా అయితే ఐదు. మీ అమ్మాయి చిన్నది, అర్థం చేసుకుంటుంది, నేనూ నీ కూతుర్నే అనుకో అంది. వంగి నా నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. అది నటన కాదు, నాకు తెలుసు. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో నన్ను ఎవరూ అలా ముద్దు పెట్టుకోలేదు.

నేను వెళ్ళాలి అని చెప్పాలి. నాకు నోరు లేదా? సుభాని మీద అరుస్తాను, కూరగాయలవాడి మీద అరుస్తాను, ఇందాక డాక్టరు ముందు నా కొంప నేనే కూల్చుకుని నిజం చెప్పాను. ఇప్పుడు ఆ నోట్లోంచి ఏం వచ్చిందో తెలుసా? తొమ్మిదేళ్ళ అలవాటు, అరబీలో థాంక్స్. "షుక్రన్ మదామ్," అన్నాను.

ఆమె లోపలికి వెళ్ళాక క్రిస్టీనాకు ఫోన్ చేశాను. ఆఖరి మాట ముందు చెప్పడానికి నోరు రాక మొదటి నుంచీ చెప్పుకొచ్చాను, సిపాయి, ముద్దలు, ఎక్స్‌రే, డాక్టరు. అది ఊ కొడుతూ వింది. ఎగ్జిట్ రద్దయిందన్నాక ఊ కొట్టడం ఆగిపోయింది.

"నువ్వు చెప్పకుండా ఉంటే ఆయన చచ్చిపోయేవాడామ్మా?" అంది.

"చచ్చిపోయేవాడే."

"అయితే మంచిపనే చేశావులే," అని ఫోన్ జాబేజ్ చేతికిచ్చేసింది. దాని ఏడుపు గదిలో దూరంగా వినిపిస్తూనే ఉంది. జాబేజ్‌కి ఏమీ తెలియదు పాపం, అప్పుడే బయటి నుంచి వచ్చినట్టున్నాడు. బాగున్నారా అత్తయ్యగారూ అన్నాడు. బాగున్నానన్నాను.